ఫుడ్ బ్యాంకులో అసలు పని బల్ల దగ్గరే

ఫుడ్ బ్యాంకు అనగానే క్యూలో నిలబెట్టి పొట్లాలు పంచే చోటనుకుంటారు చాలామంది. నిజానికి అదొక గోడౌన్, జనానికి పంచే సంస్థలు అక్కణ్నుంచి సరుకు తీసుకెళ్తాయి. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదటిది పెట్టినప్పుడే బ్యాంకు పోలిక తెచ్చారు: మిగులు ఉన్నవాళ్లు వేస్తారు, అవసరమున్నవాళ్లు తీసుకుంటారు. అయితే వేసినదల్లా తీసుకోవడానికి పనికిరాదు. అది తేలేది సరుకు ఏరే బల్ల దగ్గర.

ఒక డబ్బా చేతికొచ్చిందనుకోండి. పక్కన చిన్న సొట్ట ఉంటే ఫర్వాలేదు. అంచు మీదో, అతుకు మీదో సొట్ట పడితే తీసేయాల్సిందే, అక్కడ కంటికి ఆనని సందులోంచి క్రిములు దూరతాయి. మూత ఉబ్బిన డబ్బాని తెరిచి వాసన చూద్దామనుకోవద్దు. అందులో పుట్టే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషానికి వాసనే ఉండదు.

తర్వాత తేదీ. ‘యూజ్ బై’ దాటితే ఇక మాట్లాడక్కర్లేదు, పక్కన పెట్టేయడమే. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యత గురించి చెప్పేది, కాబట్టి పొడి సరుకుల్లో స్థానిక నిబంధనలు ఒప్పుకుంటే కొంత వెసులుబాటు ఉంటుంది. పసిపిల్లల పాలపొడికి మాత్రం ఏ వెసులుబాటూ లేదు. అట్టపెట్టె మీద గడువు తేదీ మార్కర్‌తో పెద్దగా రాయాలి. ముందు వచ్చింది కాదు, ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలి. తొందరలో కొత్త లోడు ముందు వరసలో పేర్చేస్తారు. వెనక ఉన్నది అక్కడే పాడైపోతుంది. దాతలు ఇవ్వకపోవడం కన్నా దీనివల్లే ఎక్కువ బాధేస్తుంది.

వండిన భోజనం వేరే లెక్క. 60 డిగ్రీల పైనన్నా ఉండాలి, 5 డిగ్రీల కిందన్నా ఉండాలి. చల్లబరచాలంటే 60 నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. పెద్ద గిన్నెని అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తే పైన చల్లగా, నడుమ గోరువెచ్చగా ఉండిపోతుంది. లోతు తక్కువ ట్రేల్లో రెండంగుళాల మందాన పరచండి. థర్మామీటర్ నడుమ గుచ్చి చూడండి, అంచున కాదు.

పంచే సంస్థకి ఫ్రిజ్ లేకపోతే పాలు పంపి లాభం లేదు. ఎంత వచ్చిందన్నదే కాదు, ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లిందో కూడా రాసిపెట్టుకోవాలి. కంపెనీ ఫలానా బ్యాచ్ వెనక్కి పిలిస్తే, ఎవరెవరికి ఫోన్ చేయాలో చెప్పేది ఆ పుస్తకమే.