ఏ కార్డు కొనాలి అని అడిగేవాళ్ళకి నా ఎదురుప్రశ్న

వీడియో ఎడిటింగ్ చేసే మిత్రులు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటావ్?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "నీ ఫుటేజ్ ఏ కోడెక్‌లో ఉంది?" కోడెక్ అంటే కెమెరా వీడియోని కుదించి దాచే పద్ధతి. కార్డు సంగతి అడిగితే కెమెరా సంగతి ఎత్తుతాడేమిటని చాలామంది మొహం చిట్లిస్తారు. కానీ సంగతంతా అక్కడే ఉంది.

నా పనిలో హంగామా తక్కువ. పొడవాటి ఇంటర్వ్యూలు, పాఠాలు. రెండు కెమెరాలు, గంటన్నర మాటలు, కింద పేర్లు, మధ్యమధ్య స్లైడ్లు, చివర్లో కాస్త కలర్ గ్రేడింగ్, అంటే రంగులు సరిచేయడం. ఇలాంటి పనిలో చిరాకు పెట్టేది ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోని ఫైలుగా తీయడం) కాదు. ఎక్స్‌పోర్ట్ పెట్టి లేచి పోవచ్చు. క్లిప్పులు వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద ప్లేహెడ్‌ని (ఇప్పుడు చూస్తున్న చోటు చూపే గీతని) ఇటూ అటూ జరిపినప్పుడల్లా బొమ్మ అర సెకను బిగుసుకుపోవడం మాత్రం ప్రాణం తీస్తుంది. మాట ఎక్కడ తెగిందో చెవికి తెలుస్తుంది, కంటికి ఇంకా రాదు.

ఎందుకలా అంటే, కెమెరాలు ఎక్కువగా వాడే హెచ్.264, హెచ్.265 కోడెక్‌ల ఫైళ్ళలో పూర్తి బొమ్మ ఎప్పుడో గాని ఉండదు. మధ్యలోవన్నీ పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో చెప్పే లెక్కలే. మీరు మధ్యలో ఒక ఫ్రేమ్ మీద క్లిక్ చేస్తే సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్ళి, పూర్తి బొమ్మ పట్టుకుని, అక్కడినుంచి లెక్కలన్నీ కట్టుకుంటూ రావాలి. రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే పని రెట్టింపు. ఈ విప్పే పనికి (డీకోడింగ్‌కి) గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఆటలు ఆడించే వేల కోర్లకీ దీనికీ సంబంధం లేదు. అందుకే ఖరీదైన కార్డు వేసినా, ఆ సర్క్యూట్‌కి మీ కెమెరా ఫార్మాట్ తెలియకపోతే భారమంతా మళ్ళీ ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

చాలామందికి దెబ్బ తగిలేది 4:2:2 10 బిట్ (రంగుల సమాచారాన్ని ఎక్కువగా దాచే రికార్డింగ్ పద్ధతి) దగ్గర. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు ఇందులో రికార్డు చేస్తాయి, రంగులు సరిచేయడానికి చక్కగా ఉంటుంది. ఎన్విడియా కార్డుల్లో దీన్ని హార్డ్‌వేర్‌లో విప్పే సౌకర్యం 2025లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గాని రాలేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలోని మామూలు ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మాత్రం హెచ్.265 4:2:2ని అంతకు ముందునుంచే హాయిగా విప్పుతోంది. అందులోని ఆ విప్పే సర్క్యూట్‌నే క్విక్ సింక్ అంటారు, 2011 నుంచీ ఉన్నదే. పెద్ద కార్డు ఉంది కదా అని ఎవరూ దాని వైపు చూడరు. డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లోకి) వెళ్ళి మళ్ళీ ఆన్ చేయాలి. మోడల్ నంబరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసరైతే అసలు ఆ గ్రాఫిక్సే ఉండదు. అడోబీ వాళ్ళ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్, మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ గడి ఉంటుంది. ఒకసారి చూసుకోండి. ఇవేవీ కుదరకపోతే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు ఫైళ్ళు, చేసుకోవడమే. నాకు ప్రాక్సీలంటే చిన్నచూపు లేదు, ఏ కార్డూ అక్కర్లేని వేగం అది.

మరి కార్డులోని వేల కోర్లు ఏం చేస్తాయి? విప్పిన బొమ్మ మీద జరిగే పనంతా వాటిదే: సైజు మార్చడం, రంగులు, బ్లర్, ఒకదాని మీద ఒకటి పరచడం. 4కె ఫ్రేమ్‌లో 83 లక్షల పిక్సెళ్ళు. సెకనుకి 24 ఫ్రేములంటే దాదాపు 20 కోట్ల పిక్సెళ్ళకి ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ వేయాలి. గ్రాఫిక్స్ కార్డు పుట్టిందే ఇలాంటి పనికి. 2010లో ప్రీమియర్ సీఎస్5తో, ఈ పనిని కార్డుకి అప్పగించే మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజన్ వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపోయింది ఇందుకే. అయితే ప్రతి ఎఫెక్టూ కార్డు మీద నడవదు. ప్రీమియర్ ఎఫెక్ట్స్ ప్యానెల్‌లో యాక్సిలరేటెడ్ గుర్తు ఉన్నవే నడుస్తాయి. గుర్తు లేని పాత ఎఫెక్టు ఒక్కటి పొడవాటి క్లిప్ మీద వేశారంటే, ఫ్రేములు ప్రాసెసర్ దగ్గరికి వెళ్ళి రావలసిందే. నేనైతే అలాంటిది కనబడితే తీసేసి, అదే పని చేసే వేరే ఎఫెక్టు వెతుక్కుంటాను.

కార్డు మెమొరీ సంగతి కూడా ఇక్కడిదే. 32 బిట్ ఫ్లోట్‌లో (రంగుల లెక్కలు చాలా కచ్చితంగా కట్టే పద్ధతిలో) ఒక్క 4కె ఫ్రేమ్ సుమారు 13 కోట్ల బైట్లు తింటుంది. నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కల గోల తగ్గించే ఎఫెక్టు) ముందూ వెనకా ఫ్రేముల్ని కూడా పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మెమొరీ నిండిందన్న మెసేజ్ ఎక్కువగా అప్పుడే వస్తుంది. గ్రేడింగ్ మీ పనిలో ముఖ్యమైతే కోర్ల సంఖ్య కన్నా ముందు మెమొరీ చూడండి.

మీ మెషీన్‌లో ఏది ఇరుకో ఊహించక్కర్లేదు. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి టైమ్‌లైన్ ప్లే చేయండి. కార్డు మొత్తానికి కలిపి పైన చూపే శాతాన్ని నమ్మొద్దు, గ్రాఫ్ మీద నొక్కి వీడియో డీకోడ్ ఎంచుకోండి. అది సున్నా దగ్గర పడుకుని, ప్రాసెసర్ వందకి కొడుతుంటే కార్డు మీ ఫుటేజ్‌ని ముట్టుకోవడం లేదన్నమాట.

ఇక ఎక్స్‌పోర్ట్. ఎన్‌కోడింగ్‌కీ (వీడియోని మళ్ళీ కుదించడానికీ) విడి సర్క్యూటే. ఎన్విడియాలో ఎన్వెంక్, 2012 నుంచి ఉంది. ఒకే తరంలో చవక కార్డులోనూ ఖరీదైనదానిలోనూ ఇది చాలావరకు ఒకటే, కొన్ని పెద్ద కార్డుల్లో ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి, అంతే. వేగం బాగుంటుంది, కానీ తక్కువ బిట్‌రేట్‌లో (సెకనుకి ఖర్చయ్యే డేటా తక్కువైనప్పుడు) ప్రాసెసర్ మీద నెమ్మదిగా నడిచే ఎక్స్264 సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగే ఇప్పటికీ నా కంటికి శుభ్రంగా ఉంటుంది. చూసి చెప్పమని పంపే కాపీలు కార్డుతో, ఆఖరి కాపీ చిన్న ఫైలుగా కావాలంటే ప్రాసెసర్‌తో చేస్తాను. యూట్యూబ్‌కైతే ఎటూ వాళ్ళు మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తారు కాబట్టి బిట్‌రేట్ ఎక్కువ పెట్టి కార్డుకే అప్పగిస్తాను. ఒక్కటి, ప్రీమియర్‌లో బిట్‌రేట్ దగ్గర టూ పాస్ (వీడియోని రెండుసార్లు చదివి ఎన్‌కోడ్ చేసే పద్ధతి) ఎంచుకుంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ చెప్పాపెట్టకుండా సాఫ్ట్‌వేర్‌కి మారిపోతుంది. కొత్త కార్డు వేసినా ఎక్స్‌పోర్ట్ వేగం పెరగలేదనేవాళ్ళు ముందు ఆ గడి చూసుకుని తర్వాత నాకు రాయండి.