మీ అబ్బాయిని పంపండి మేడమ్

మాది మదనపల్లె. పెళ్లయినప్పటి నుంచీ బెంగళూరు కేఆర్ పురంలోనే కాపురం. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఈమధ్య ఫోటోగ్రాఫర్లు ఇచ్చే పెళ్లి ఆల్బమ్ డిజైన్లు. కార్డుల వరకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటే చాలు. 2011 దసరాకి కొన్న, ఐ3-2100 ప్రాసెసర్ ఉన్న మెషీను వాటిని ఇంకో పదేళ్లయినా లాగేస్తుంది. ప్రాణం తీసేది ఆల్బమే. ఒక్కో షీటు 12 బై 36 అంగుళాలు, 300 డీపీఐ. అలాంటివి నలభై షీట్లు ఫోటోషాప్‌లో జేపీజీ చెయ్యమంటే 50 నిమిషాలు పట్టేది. ఆలోగా సాంబారు పెట్టి, గిన్నెలు కూడా తోమేసుకునేదాన్ని.

కొత్తది కొనమని మావాడు పోరు. వాడు హైదరాబాదులో ఇంజనీరింగ్. కొత్తదానికి తక్కువలో తక్కువ 38 వేలు చెప్పారు. చీటీ డబ్బుల్లో నా చేతికి మిగిలింది ఐదు వేలు. పైగా నా పాత సాఫ్ట్‌వేర్లు కొత్త విండోస్‌లో ఏ పేచీ పెడతాయో అని భయం. అందుకని ప్రాసెసర్ ఒక్కటే మార్చుదామనుకున్నాను.

మన మదర్‌బోర్డుకి, అంటే డబ్బాలో అన్నీ గుచ్చే పెద్ద పలకకి, ఏ ప్రాసెసర్ సరిపోతుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. సీపీయూ-జడ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) 1155 అని, బోర్డు రకం హెచ్61 అని చూపించింది. 1155లో ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు కూర్చుంటాయి. 1156, 1150, 1151 కూర్చోవు, అంకెలు పక్కపక్కనే ఉన్నాయని మోసపోకండి. ఐ5-3470 వెయ్యికే చెప్పారు గానీ దానికి నాలుగు కోర్లు (పని చేసే బుర్రలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). ఐ7-3770కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, వేగం 3.9 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. నిజం చెప్పొద్దూ, ఐ7 అన్న మాట మీద కూడా నాకు కొంచెం మోజే.

గురువారం మెట్రో ఎక్కాను. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట. అక్కడి నుంచి కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకి నడక. ఒక షాపులో పాత ప్రాసెసర్లు ట్రేల్లో అప్పాల్లా పేర్చి ఉన్నాయి. 3770కి నాలుగు వేలన్నాడు, బేరమాడితే 3,200కి వచ్చాడు. నాది హెచ్61 బోర్డండీ, పనిచేస్తుందా అని రెండుసార్లు అడిగాను. తలెత్తకుండానే "ఆగుత్తె మేడమ్, తగొండు హోగి" అన్నాడు. అవుతుంది, తీసుకెళ్లండి అని. వారం రోజులు టెస్టింగ్ వారంటీ. పాతది ఇచ్చేస్తే ఇంకో 200 తగ్గిస్తానన్నాడు. పద్నాలుగేళ్లు అన్నం పెట్టినదాన్ని 200కి ఇచ్చేదేమిటని ఇవ్వలేదు. ఈ ఒక్క పిసినారితనమే నన్ను కాపాడింది, ఎలాగో చెప్తాను.

బిగించడం శుక్రవారం రాత్రి అరగంట పని. ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే హీట్‌సింక్ ఉంటుంది, దాని నాలుగు పిన్నులనీ బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగాలి. కింద వేడిని లాగే పేస్టు ఎండి విభూతిలా రాలింది, గుడ్డతో తుడిచాను. సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి, వాటి మీద వేలు పడకూడదు. కొత్తది దించి, పప్పుగింజంత పేస్టు పెట్టి మూసేశాను.

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి పెట్టాను. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాను. మావాడికి ఫోన్ చేస్తే "అమ్మా, ఇంక నువ్వేం ముట్టుకోకు, తిరిగిచ్చెయ్" అన్నాడు.

శనివారం పొద్దున్నే డబ్బాని పాత దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కాను. పోవడానికే 420. షాపు కిటకిటలాడుతోంది. నా వంతు వచ్చేసరికి గంట. ప్రాసెసర్ తీసి తన బోర్డులో పెట్టాడు, తెర వెలిగింది. నా బోర్డులో పెట్టాడు, వెలగలేదు. "బోర్డ్ హోగిదె మేడమ్", బోర్డు పోయింది అని, ఎవరు విప్పారని అడిగాడు. నేనే అన్నాను. కౌంటర్ దగ్గరున్న నలుగురు కుర్రాళ్లు నా వైపు తిరిగారు. అతను నాతో మాట్లాడటం మానేసి వాళ్లకి చెప్తున్నాడు, ఆడవాళ్లు యూట్యూబ్ చూసి విప్పేస్తారు, పిన్నులు వంచేసుకుని మా మీద పడతారు అని. టార్చి వేసి ఏ పిన్ను వంగిందో చూపించమన్నాను. చూపించలేదు, ఎందుకంటే ఏదీ వంగలేదు. వంగి ఉంటే ఆ కాసేపట్లో ఫోటో తీసి గోడకి అంటించేవాడు.

పాత ప్రాసెసర్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఒక్కసారి ఇది పెట్టి చూడండి, బోర్డు బతికుందో లేదో తేలిపోతుంది కదా అన్నాను. టైం లేదన్నాడు. బోర్డు, ర్యామ్ కలిపి సెకండ్‌హ్యాండ్ సెట్టు 6,500కి ఉందన్నాడు. వద్దంటే డబ్బాని కౌంటర్ మీద నుంచి నా వైపు నెట్టి, "నిమ్మ మగన్న కళ్సి మేడమ్, అవరిగె హేళ్తీని" అన్నాడు. మీ అబ్బాయిని పంపండి, అతనికి చెప్తాను అని. కన్నడం నాకు బాగానే అర్థమవుతుంది, అర్థం కాకపోయినా బాగుండేది. మావాడి కంప్యూటర్ చదువుకి మొదటి సెమిస్టర్ ఫీజు ఆ డబ్బా మీద నేను కొట్టిన శుభలేఖల డబ్బే. ఆ మాట అక్కడ అనలేకపోయాను. దుప్పటి చుట్టుకుని బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగాను.

తిరుగు ఆటోలో కోపం తగ్గాక బుర్ర పనిచేసింది. శుక్రవారం దాకా పాతదానితో బోర్డు ఆడింది. కొత్తది అతని బోర్డులో ఆడింది. మరి ఇద్దరూ బతికే ఉంటే, వీళ్లిద్దరికీ మధ్యేదో పడటం లేదన్నమాట.

ఇంటికొచ్చి బోర్డు కంపెనీ సైట్‌లో నా మోడల్ పేజీ తీశాను. ఏ ప్రాసెసర్ పనిచేస్తుందో ఒక పెద్ద పట్టిక. నేనూ ముందే చూశాను, 3770 పేరుంది, సంతోషించి మూసేశాను. చివరి గడి చూడలేదు. ఏ బయాస్ వెర్షన్ నుంచి అన్నది ఆ గడిలో ఉంటుంది. బయాస్ అంటే స్విచ్ వెయ్యగానే మెషీనుని లేపే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్. నా బోర్డులో ఉన్నది అంతకంటే పాతది. బోర్డు కొన్నది 2011లో, ఈ మూడో తరం ప్రాసెసర్లు బజారులోకి వచ్చింది 2012 ఏప్రిల్‌లో. ఇక దానికెలా తెలుస్తుంది? రేషన్ కార్డులో పేరెక్కని మనిషి డిపో ముందు ఎంతసేపు నిలబడ్డా బియ్యం ఇవ్వరు. ఇదీ అంతే. ముందు పేరెక్కించాలి, అంటే బయాస్ అప్‌డేట్ చెయ్యాలి. అది చెయ్యాలంటే మెషీను ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే పాత ప్రాసెసర్ కావాలి. ఆ 200కి ఆశపడి ఉంటే నా పని అయిపోయేది. రోజూ వందమందికి ప్రాసెసర్లు అమ్మేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలియకపోతే ఆ కౌంటర్ వెనక కూర్చోకూడదు.

పాతది మళ్లీ బిగిస్తే ఎప్పట్లాగే ఆన్ అయింది. కంపెనీ సైట్ నుంచి కొత్త బయాస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యాలి. మోడల్ పేరొక్కటే చూస్తే చాలదు, బోర్డు మూల చిన్నగా రివిజన్ నంబరుంటుంది, దానికి తగ్గ ఫైలే వెయ్యాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మాత్రం బోర్డు నిజంగానే పోవచ్చు. మా వీధిలో నాలుగు చినుకులు పడితే కరెంటు ఉండదు. మా యూపీఎస్ బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది. బయట ఉరుముతోంది.

పైన ఓనరాంటీ వాళ్లకి ఇన్వర్టర్ ఉంది. తొమ్మిదిన్నరకి నేను డబ్బా, మావారు మానిటర్ పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాం. ఆవిడ సీరియల్ చూస్తోంది. "ఏమమ్మా, మీ టీవీ పాడైందా?" అంది. లేదాంటీ, దీనికి ఆపరేషన్ అన్నాను. డైనింగ్ టేబుల్ మీద సర్దుకున్నాం. మూడు నిమిషాలే పట్టింది, కానీ ఆ గీత నిండేదాకా మావారు ఊపిరి తీసుకున్నట్టు లేదు. ఓనరాంటీ కూడా సీరియల్ శబ్దం తగ్గించింది.

కిందికొచ్చి ఐ7 పెట్టి స్విచ్ వేశాను. పదకొండున్నరకి తెర మీద దాని పేరు పడింది. మావాడికి ఫోటో పంపితే "ఎవరు చేశారు?" అని మెసేజ్ పెట్టాడు. జవాబివ్వలేదు.

ఆదివారం అదే నలభై షీట్లు వేసి చూస్తే 28 నిమిషాలు. ఒక లోటు మిగిలింది. ఐ3తో వచ్చిన చిన్న హీట్‌సింక్ దీనికి చాలడం లేదు, ఉష్ణోగ్రత 94 డిగ్రీల దాకా పోతోంది. మధ్యలో రాగి ఉన్నది కావాలి. ఇంకోటి, నా మెషీన్లో ఉన్న విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఈ తరం ప్రాసెసర్లని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకని బ్యాంకు పనులు ఈ మెషీన్లో చెయ్యను, అవన్నీ ఫోన్లోనే.

హీట్‌సింక్ కోసం ఇవాళ మళ్లీ ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. అది సాకే గానీ, ఆ షాపతనికి ఏమని చెప్పాలో మెట్రోలో దారంతా కన్నడంలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. కౌంటర్ ముందు నిలబడ్డాను. అతను తలెత్తి చూసి, "ఏన్ బేకు మేడమ్?" అన్నాడు, ఏం కావాలి అని. నేనెవరో గుర్తే లేదు. ఏమీ లేదని పక్క షాపుకెళ్లి 250 పెట్టి కొనుక్కొచ్చాను.