ముత్యం దగ్గర గడిచిన ఆదివారం

ఈ రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నేను చేసిన పని ఒక్క ముత్యాన్ని గీయడమే. అదీ నా ఊహలోంచి వచ్చినది కాదు, డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ సుమారు 1665లో చిత్రించిన అమ్మాయి చెవికి వేలాడే ముత్యం. మూలచిత్రం ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి అదే కొలతలో ఒక అచ్చుప్రతి తీయించి ఈజిల్ పక్కన గోడకు అంటించుకున్నాను. ముఖం జోలికి వెళ్లే ధైర్యం లేక, చెవి తమ్మె, ముత్యం, మెడ, తెల్ల కాలరు అంచు, వెనకనున్న చీకటి, వీటితోనే సరిపెట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం తలచుకుంటే నవ్వొస్తుంది. ముత్యం గుండ్రంగా ఉంటుందన్న నమ్మకంతో ముందుగా ఒక గుండ్రటి గీత గీసి, లోపల బూడిదరంగు నింపి, అంచుల వెంబడి ముదురు చేసుకుంటూ వచ్చి, చిట్టచివర ఒక తెల్లచుక్క పెట్టాను. ఇంతా చేసి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే అది సైకిల్ బేరింగులోని ఇనప గుండులా ఉంది. అప్పుడు భూతద్దం పట్టుకుని అచ్చుప్రతి దగ్గర నిలబడ్డాను. అక్కడ గుండ్రటి గీత జాడే లేదు. పైన ఎడమవైపు చిక్కటి తెలుపు ఒక చోట, కింద కాలరు ప్రతిబింబం పడినట్టు పలచగా, మెత్తగా పరచిన తెలుపు మరొక చోట కనిపించాయి, మిగిలినదంతా మెడ మీది చీకటే. ముత్యాన్ని చెవికి తగిలించే కొక్కెం కూడా చిత్రంలో లేదని, ఆ చిత్రం ఉన్న మౌరిట్స్‌హౌస్ మ్యూజియం పరిశోధకులు 2020లో తేల్చారు. ఇన్నాళ్లూ చూసిన కొక్కేన్ని, గుండ్రదనాన్ని నా కన్నే కల్పించుకుందన్నమాట.

వేసిన రంగంతా పాలెట్ నైఫ్‌తో గీకేసి, ఈసారి రెండే తెలుపులు పెట్టాను. అవి వెలగలేదు సరికదా, కాన్వాసు మీద సున్నం చిందినట్టు కనిపించాయి. తప్పు ఆ రెండు తెలుపుల్లో లేదని తెలుసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక అట్టముక్కకు చిన్న చిల్లు చేసి, దాన్ని ముందు అచ్చుప్రతిలోని కాలరు మీద, తరువాత నా కాలరు మీద ఆనించి చూశాను. తెల్లదని నేను ఇంతకాలం నమ్మిన కాలరు నీడవైపున, చిల్లులోంచి చూస్తే, మసిగుడ్డ రంగులో ఉంది. నేనేమో టైటానియం వైట్‌ను ట్యూబులోంచి తీసి నేరుగా పూసేశాను. ఉన్న తెలుపంతా కాలరుకే ఖర్చు పెట్టిన తరువాత ముత్యానికి ఇంకేం మిగులుతుంది? తెలుపులో కొద్దిగా బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అంతకన్నా తక్కువ అల్ట్రామరైన్ నీలం, చిటికెడు ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపి కాలరును రెండు మెట్లు కిందికి దించి, మెడ మీది నీడను కూడా ముదురు చేశాక, అవే రెండు తెలుపులు అదే కుంచెతో మళ్లీ పెడితే ముత్యం కనిపించింది.

వెనకనున్న చీకటిది మరో కథ. అచ్చుప్రతిలో నల్లగా ఉందని ఐవరీ బ్లాక్ పూయబోయాను. నిజానికి వెర్మీర్ అక్కడ వేసినది ఆకుపచ్చ తెర, అదీ నల్లటి అడుగుపూత మీద నీలిమందు, వెల్డ్ మొక్కనుంచి తీసే పసుపు కలిపి పలచగా పూసిన పచ్చ. ఆ రెండు రంగులూ కాలక్రమంలో వెలిసిపోయాయి. నేను భక్తితో నకలు చేయబోయినది వెర్మీర్‌ను కాదు, మూడున్నర శతాబ్దాల వెలిసిపోవడాన్ని. నల్లరంగు ట్యూబుకు మూతపెట్టి ముదురు పచ్చ కలిపి వేస్తే, దాని పక్కన మెడ మీది ఒంటిరంగు, దాన్ని నేను తాకనైనా తాకకుండానే, కాస్త ఎర్రబారినట్టు కనిపించింది. ఇది షెవ్రోల్ చెప్పిన విషయమే. పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసుకున్న ఆ రసాయన శాస్త్రవేత్త, నలుపు సరిగా పలకడం లేదన్న ఫిర్యాదులను పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మారుస్తున్నాయని గ్రహించి 1839లో పుస్తకం అచ్చువేశాడు. చదివినప్పుడు తలాడించి ఊరుకున్నాను, పచ్చ చేతికి అంటుకున్న తరువాత గానీ అర్థం కాలేదు.

ఇతరుల చిత్రాలను నకలు చేస్తూ కూర్చుంటే మన చెయ్యి మనది కాకుండా పోతుందేమోనన్న బెంగ నాకూ ఉండేది. ఫ్రాన్స్‌లోని సాఁ-రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్న రోజుల్లో చిత్రకారుడు వాన్ గో, తనకన్నా ముందుతరం ఫ్రెంచ్ చిత్రకారుడైన మిలే చిత్రాల నలుపు తెలుపు అచ్చులను ముందుపెట్టుకుని సుమారు ఇరవై చిత్రాలు గీశాడు. ఆ అచ్చుల్లో రంగు లేదు కాబట్టి రంగంతా అతనే వెతుక్కోవలసి వచ్చింది. ఆ చిత్రాలను చూసినవారెవరూ అవి మిలేవని పొరబడరు. నాకు ఆపాటి ధీమా చాలు.

సాయంత్రం వెలుగు ఇంకా మిగిలి ఉండగానే, ఉదయం కాఫీ తాగి కడగకుండా వదిలేసిన తెల్ల కప్పును కిటికీ దగ్గర పెట్టి చిన్న కాన్వాసు మీద మొదలుపెట్టాను. ముందు బల్ల రంగు, తరువాత కప్పు నీడ, ఆ తరువాతే కప్పు. తెలుపు ట్యూబును దాదాపు చివరిదాకా ముట్టుకోలేదు. అంచు మీద వెలుగు పడిన చోట నంబర్ నాలుగు కుంచెతో ఒక్కసారి చిక్కగా పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కొద్దిగా వంకర పోయింది. సరిచేద్దామని కుంచె ఎత్తాను, మళ్లీ దించేశాను. కప్పు పిడి మాత్రం అచ్చం చెవిలా వచ్చింది, పొద్దుటి నుంచీ చెవినే చూస్తూ కూర్చున్న ఫలితం కాబోలు. దాన్ని రేపు దిద్దాలి.