కాలువ గట్టు ఎక్కేముందు టులూజ్‌లో

ఫ్రాన్స్‌లోని టులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా కాలువ గట్టున సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాలన్నది మా ఆవిడ ఆలోచన. బయల్దేరే ముందు కొన్నాళ్లు ఆ ఊళ్లోనే ఉందామన్నది నాది. "విమానం దిగీ దిగగానే తొక్కడం మొదలుపెడితే ఏం పోయిందండీ?" అంది తను. బడలిక తీరకుండా సైకిలెక్కితే మొదటిరోజే మోకాళ్లు పోతాయన్నాను. మోకాళ్లు వంక మాత్రమే, నాకు ఊరు చూడాలని ఉంది.

పడవలు ఆగే సాం సొవ్యోర్ రేవు దగ్గరి వీధిలో గది దొరికింది. లిఫ్టు లేదు. ఇరుకు మెట్ల మీద పెట్టెలు మోసేసరికి ఎక్సర్‌సైజు అక్కడే మొదలైపోయింది. కిటికీలోంచి కాలువ కనబడదుగానీ దాని గట్టున ఉన్న ప్లేన్ చెట్ల కొమ్మలు కనబడతాయి. ఈ చెట్లకు ఒక బూజు తెగులు పట్టింది. 2006లో కాలువ గట్టున మొదటిసారి గుర్తించారు. మందు లేదు, సోకిన చెట్టును కొట్టేసి తగలబెట్టడమే దారి. అలా వేల చెట్లు పోయాయి. కాలువ ఫోటోల్లో కనిపించే పచ్చటి పందిరి దారిపొడవునా ఉంటుందని ఆశపడకూడదు.

ఈ కాలువ పేరు కెనాల్ దు మిది. టులూజ్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1666లో మొదలుపెట్టి 1681లో పూర్తిచేశారు. తవ్వించిన పియెర్ పోల్ రికే ఇంజినీరు కాడు, ఉప్పు పన్ను వసూలు చేయించే అధికారి. అసలు చిక్కు నీళ్లతోనే. ఇటు అట్లాంటిక్ వైపు, అటు మధ్యధరా వైపు పల్లం, నడుమ నోరూజ్ అనేచోట సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తున మెట్ట. అక్కడికి నీళ్లెలా ఎక్కించాలి? అంతకన్నా ఎత్తున ఉన్న మొంతాన్య నువార్ కొండల వాగుల్ని మళ్లించి, సాం ఫెరియోల్ దగ్గర జలాశయం కట్టించి, ఆ నీటిని నోరూజ్‌కు తెచ్చి రెండు వైపులకూ వదిలాడు రికే. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పల్లానికి పారడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. కాలువ మెట్ట ఎక్కి దిగుతుందంటే భలే అనిపించింది. పని పూర్తికాకముందే 1680లో రికే చనిపోయాడు. సాం ఎతియెన్ కెథెడ్రల్‌లో ఒక పెద్ద స్తంభం మొదట్లో ఆయన సమాధి ఉంది. ఆ కెథెడ్రల్ ముందు భాగం ఒక వరసలో, వెనక భాగం ఇంకో వరసలో వంకరగా అతికినట్టుంటుంది. టులూజ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన కట్టడం అదే.

మిగతా ఊరంతా ఇటుకే. దగ్గర్లో రాయి లేక గరోన్ నది మట్టితో కాల్చిన ఇటుకలతో కట్టుకున్నారు. అందుకే దీన్ని గులాబీ నగరం అంటారుగానీ, మధ్యాహ్నం ఎండలో నాకు నారింజ రంగులో కనిపించింది. అసెజా భవనం ముందు మా ఆవిడ చాలాసేపు ఆగింది. పాస్తెల్ అనే మొక్క ఆకుల నుంచి తీసిన నీలం రంగు అమ్మి కోట్లు గడించిన వర్తకుడు 16వ శతాబ్దంలో కట్టించుకున్న ఇల్లు అది. తర్వాత మన దేశం నుంచి నీలిమందు వచ్చిపడటంతో ఆ వ్యాపారం దెబ్బతింది. "మనవాళ్ల పనేనన్నమాట," అంది తను, కాస్త గర్వంగానే.

సైకిళ్లు అద్దెకు తీసుకున్నాక అసలు టెన్షన్. ఇక్కడ రోడ్డుకు కుడివైపు వెళ్లాలి. చాలా వన్‌వే వీధుల్లో సైకిళ్లను మాత్రం ఎదురు వెళ్లనిస్తారు. పైగా ముందు బ్రేకు ఎడమచేతిలో ఉంటుంది, మన సైకిళ్లకు కుడిచేతిలో. కంగారులో చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది, సామాను సంచులు తగిలించాక ముందు చక్రం ఆగిపోతే పల్టీయే. అందుకని రోజూ పొద్దున్నే ఖాళీ వీధుల్లో ప్రాక్టీసు చేశాం. సైకిళ్లు అద్దెకిచ్చిన కుర్రాడు సీటు ఎత్తు సరిచేస్తూ, పోర్ లొరగే దాకా ఓ యాభై కిలోమీటర్లు తారుదారి, తర్వాత మట్టి, రాళ్లు, చెట్ల వేళ్లు అని చెప్పి వెడల్పు టైర్లు వేసిచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఓతాన్ గాలి గురించి. ఆగ్నేయం నుంచి వీస్తుంది, వీస్తే రోజుల తరబడి వదలదు, మనుషులకు పిచ్చెక్కిస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. మేం వెళ్లాల్సింది సరిగ్గా దానికి ఎదురే.

తిండి వేళలు అలవాటు కావడమే ఆలస్యమైంది. విక్టర్ హ్యూగో మార్కెట్లో కింద మాంసం, చీజ్, కూరగాయలు, మేడ మీద మధ్యాహ్నం మాత్రమే తెరిచే హోటళ్లు. బాతు, సాసేజి వేసి గంటలకొద్దీ ఉడికించిన తెల్ల చిక్కుడుగింజల కసూలే తిన్నాను. అది తిన్నాక సైకిలు సంగతి దేవుడెరుగు, మెట్లెక్కడమే కష్టం. రెండు దాటితే చాలాచోట్ల వంట కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. ఆదివారం చాలా దుకాణాలు మూతపడతాయి కాబట్టి బ్రెడ్డు, పళ్లు, ట్యూబులు శనివారమే కొనేశాం. ఏ కొట్లోకి వెళ్లినా ముందు బోంజూర్, అంటే నమస్కారం, అనాలి. అనకుండా ధర అడిగితే మర్యాద లేనివాళ్ల కింద జమ.

ఆదివారం రాత్రంతా గాలి కిటికీ రెక్కల్ని కొడుతూనే ఉంది. సోమవారం పొద్దున కాస్త నెమ్మదించింది. తొలి అడుగు కాలువ మొదట్నుంచే పడాలని మా ఆవిడ పట్టు. అందుకని ముందు వెనక్కి, మూడు కాలువలు కలిసే జంట వంతెనల దగ్గరికి వెళ్లి, వాటి నడుమ గోడకున్న పాలరాతి శిల్పం ముందు ఫోటో దిగాం. అక్కణ్ణుంచి తిరిగి రైల్వే స్టేషను దాటి, మా గది ముందు నుంచే రామోన్‌విల్ వైపు సాగేసరికి పదకొండు దాటింది. "రెండులోపు ఎక్కడో ఒకచోట భోజనం దొరకాలి, తొక్కండి తొక్కండి," అని ముందు నుంచి కేకేసింది.