మ్యాష్డ్ పొటాటోకి పోపు వద్దు

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. దానికి వారం ముందు నుంచే అమెరికా బళ్ళలో ఎవరింట్లో ఏం వండుతారన్న కబుర్లు మొదలవుతాయి. ఆ రోజు వండే టర్కీ కోడిని వండని తెలుగిళ్ళలో కూడా పిల్లలు మ్యాష్డ్ పొటాటో, అంటే ఉడికించి మెదిపి వెన్న, పాలు కలిపిన దుంపలు, చేయమని అడుగుతారు. మనం సరేనని దుంపలు ఉడకబెట్టి, చెయ్యి ఊరుకోక ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసేస్తాం. రుచిగానే ఉంటుంది, కానీ అది బంగాళదుంప కూర. వాళ్ళు అడిగింది అది కాదు.

దీన్ని ముద్దపప్పుతో పోల్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ముద్దపప్పులో ఉప్పు, పైన నెయ్యి తప్ప ఇంకేమీ ఉండదు. పక్కన ఆవకాయ ఉంటుందన్న ధైర్యంతోనే దాన్ని అంత చప్పగా వండుతాం. ఇక్కడ ఆవకాయ స్థానం గ్రేవీది, అంటే దుంపల మీద పోసుకునే చిక్కటి రసానిది. అందుకే దుంపల్ని చప్పగానే ఉంచి, కారం కావలసిన పెద్దవాళ్ళకి పోపు చిన్న గిన్నెలో విడిగా పెట్టండి. పిల్లలకి ఈ పోలిక చెప్తే ముద్దపప్పు మీద కూడా గౌరవం పెరుగుతుంది.

ఎనిమిది మందికి 5 పౌండ్ల దుంపలు, అంటే సుమారు 2.25 కిలోలు. రస్సెట్ దుంపల్లో పిండి ఎక్కువ, మెదిపితే పొడిపొడిగా, తేలిగ్గా వస్తుంది. యూకాన్ గోల్డ్ పసుపు రంగులో, వెన్నలాంటి రుచితో ఉంటుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 1980లో బయటికొచ్చిన రకం ఇది. 3 పౌండ్లు రస్సెట్, 2 పౌండ్లు యూకాన్ గోల్డ్ కలిపితే రెండింటి గుణమూ దక్కుతుంది. ఎర్రతొక్క దుంపలు మాత్రం వద్దు. అవి ముక్క విరగని రకం, కూరకే బాగుంటాయి.

తొక్క తీసి అంగుళంన్నర ముక్కలు కోయండి. అన్నీ ఒకే సైజులో ఉండాలి. బియ్యం కడిగినట్టు రెండుమూడు నీళ్ళు మార్చి కడిగితే పైనున్న పిండి పోతుంది. చన్నీళ్ళలోనే వేసి, ముక్కల మీద అంగుళం నీరు నిలిచేలా పోసి, టేబుల్ స్పూనున్నర ఉప్పు వేసి పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్ళలో వేస్తే పైభాగం చిదిగిపోయేసరికి కూడా లోపల పలుకు మిగులుతుంది. మరుగు వచ్చాక మంట తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు ఉడికించాలి. చాకు గుచ్చి పైకెత్తితే ముక్క దానంతటదే జారిపోవాలి. తొక్క తీసిన ముక్కల్ని నీళ్ళలో వేసి కుక్కర్లో మూడు విజిల్స్ రానిస్తే అవి నీరు పీల్చి చెదిరిపోతాయి. అలాంటి దుంపల్లో ఎంత వెన్న వేసినా రుచి రాదు.

నీళ్ళు వంచేశాక ముక్కల్ని అదే గిన్నెలో వేసి సన్న సెగ మీద రెండు నిమిషాలు కదుపుతూ ఉండండి. ఆవిరి పోయి, ముక్కల అంచులు తెల్లగా పొడిబారతాయి, గిన్నె అడుగున పల్చటి తెల్లని పొర కడుతుంది. అప్పుడు దించాలి. చాలామంది వదిలేసే పని ఇదే. ఇక్కడ నీరు మిగిలితే చివర్లో పాలకి చోటుండదు.

ఇక మెదపడం. మిక్సీ, బ్లెండర్ జోలికి అసలు వెళ్ళొద్దు. బ్లేడు తిరిగితే దుంపలోని కణాలు పగిలి పిండి పదార్థం బయటికొచ్చి, అంతా బంక అయిపోతుంది. అయ్యాక వెనక్కి తేలేం. చీజ్, బ్రెడ్ పొడి చల్లి ఓవెన్‌లో బేక్ చేసుకోవడమే దారి. ఇంట్లో పప్పుగుత్తి ఉంటే చాలు, కానీ నిలువుగా నొక్కి మెదపాలి, చేతుల మధ్య తిప్పుతూ చిలకకూడదు. ఉండలే ఉండకూడదనుకుంటే రైసర్ (ఉడికిన దుంపని చిల్లుల్లోంచి నొక్కే సాధనం) వాడతారు. అది లేకపోతే జంతికల గొట్టంలో కారప్పూస బిళ్ళ పెట్టి, వేడి ముక్కల్ని కొంచెం కొంచెంగా నొక్కండి. సన్న చిల్లుల బిళ్ళ వద్దు, చెయ్యి నొప్పే మిగులుతుంది.

ముందు వెన్న, తర్వాత పాలు. రెండు స్టిక్కులు, అంటే 226 గ్రాముల ఉప్పులేని వెన్న వేసి గరిటెతో మడిచినట్టు కలపండి. కొవ్వు ముందు పట్టుకుంటే పిండి నీటిని తొందరగా పీల్చి జిగురవదు. తర్వాత కప్పున్నర హోల్ మిల్క్ (వెన్న తీయని పాలు) వేడి చేసి, మూడు విడతలుగా పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోస్తే అంతా చల్లారి బిగుసుకుంటుంది. ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోవాలి. వెన్న బదులు అంతా నెయ్యే వేస్తే నేతి వాసన దుంప రుచిని కప్పేస్తుంది. మరీ ఇష్టమైతే పావు వంతు చాలు.

శాకాహార కుటుంబాలు ఒక జాగ్రత్త పడాలి. బయట పార్టీల్లో గ్రేవీని ఎక్కువగా టర్కీ నుంచి కారిన రసంతో చేస్తారు. దుంపల్ని చికెన్ బ్రాత్‌లో, అంటే కోడిమాంసం ఉడికించిన రసంలో, ఉడికించేవాళ్ళూ ఉన్నారు. పక్కనుండే చిలగడదుంప వంటకం మీది మార్ష్‌మెలోలలో (మెత్తటి తీపి మిఠాయి) సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. "ఇందులో ఏ బ్రాత్ వేశారు?" అని మర్యాదగా అడగడం పిల్లలకి ముందే నేర్పండి. అడగడంలో నామోషీ ఏమీ లేదని మన నోట వింటేనే వాళ్ళు ధైర్యంగా అడుగుతారు. ఇంట్లో పుట్టగొడుగుల గ్రేవీ చేసుకోవచ్చు: 4 టేబుల్ స్పూన్ల వెన్నలో ఒక ఉల్లిపాయ, 225 గ్రాముల పుట్టగొడుగులు ఎర్రగా వేయించి, 4 టేబుల్ స్పూన్ల మైదా పచ్చివాసన పోయేదాకా కలిపి, రెండు కప్పుల వెజిటబుల్ బ్రాత్ ఉండకట్టకుండా పోసి, స్పూను సోయా సాస్‌తో దించండి.

ఐదేళ్ళ పిల్లలు దుంపలు కడుగుతారు, వెన్న ముక్కలు వేస్తారు. ఎనిమిది దాటితే పప్పుగుత్తి ఇవ్వొచ్చు. వేడినీళ్ళు వంచడం మాత్రం పెద్దవాళ్ళ పనే. చిదమడం, మెదపడం, చిలకడం వేరువేరు పనులని గిన్నె ముందు నిలబెట్టి చూపిస్తే ఆ మాటలు మరిచిపోరు.

ముందే చేసుకుంటే స్లో కుక్కర్‌లో 'వార్మ్' మీద రెండు గంటలు ఉంచండి. అడుగున కాస్త పాలు పోసి అరగంటకోసారి కలిపితే ఎండిపోదు. బల్ల మీద రెండు గంటలకు మించి వదలకుండా ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు. మిగిలినదానితో మర్నాడు బోండాలు వేయాలనుకుంటే మాత్రం, వెన్న ఎక్కువ కాబట్టి నూనెలో విచ్చిపోతాయి. వెన్న కలపకముందే నాలుగు ఉడికిన దుంపలంత తీసి పక్కన పెట్టుకోండి. ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు వాటికి.