జీపు స్టాప్‌లైట్ నుంచి లాంచ్ కంట్రోల్ దాకా

నల్లగొండ పాలిటెక్నిక్‌లో మాతోపాటు మెకానికల్ చదివినవాళ్లకు వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులోని పాత జీపు గుర్తుండే ఉంటుంది. దాని ఇంజను పోయి చాలా కాలమైనా, బ్రేకులు మాత్రం సారు ఎప్పుడూ పనిచేసేటట్టు ఉంచేవారు. ఇవాళ నేను చెన్నైలో డ్రాగ్ రేసు కార్లకు వైరింగ్, ట్యూనింగ్ చేస్తున్నానంటే దానికి మొదలు ఆ జీపు బ్రేకు లైనే.

ఆ పాత జీపుల్లో స్టాప్‌లైట్ స్విచ్ పెడల్ దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిల్ లైనులోనే ఉంటుంది. బొటనవేలంత ముక్క, వెనక రెండు టెర్మినళ్లు. ఆయిల్ ఒత్తిడి పెరిగితే లోపలి పొర వంగి కాంటాక్టు కలుస్తుంది, బల్బు వెలుగుతుంది. పాస్కల్ సూత్రం అప్పటికే చదివాం కాబట్టి ఇందులో కొత్తేముంది అనుకున్నాం. సారు ఒక చక్రం దగ్గర బ్లీడర్ నిపుల్ (బ్రేక్ లైనులోంచి గాలి తీసే చిన్న మర) తీసి, లేతు మీద చేయించిన అడాప్టర్‌తో ప్రెషర్ గేజ్ బిగించారు. ఒకర్ని సీట్లో కూర్చోబెట్టి పెడల్ మెల్లగా తొక్కమన్నారు. బల్బు వెలగ్గానే ముల్లు ఎక్కడుందో మడ్‌గార్డ్ మీద సుద్దముక్కతో రాశారు. అయిపోయిందని మేం లేవబోతుంటే, "ఆగుండ్రి. వెలిగింది చూసిండ్రు, మరి ఆరేది ఎవరు చూస్తరు?" అన్నారు. కాలు మెల్లగా తీయిస్తే, మొదటి అంకె దాటి ముల్లు ఇంకా కిందికి దిగాక గానీ బల్బు ఆరలేదు. రెండో అంకె దాని కింద రాశారు. స్విచ్ కలవడానికి ఒక ఒత్తిడి, విడిపోవడానికి మరొకటి.

నా వృత్తి అంతా ఆ రెండో అంకె మీదే నడుస్తోంది.

డ్రాగ్ రేసంటే సాధారణంగా పావు మైలు, అంటే 402 మీటర్ల సూటి పరుగు. స్టార్ట్ లైట్లు వెలిగే ప్రో ట్రీ పద్ధతిలో మూడు పసుపు లైట్లు ఒకేసారి వెలిగి, 0.4 సెకన్లకు పచ్చ పడుతుంది. ట్రాన్స్‌బ్రేక్ (గేరుబాక్సునే లాక్ చేసి కారుని నిలబెట్టే ఏర్పాటు) లేని ఆటోమేటిక్ కారులో డ్రైవర్ ఎడమ కాలితో బ్రేక్ నొక్కి పట్టి, కుడికాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాడు. అప్పుడు ఇంజను ఒక ఆర్‌పీఎం దాటకుండా ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్, స్పార్క్ కట్ చేస్తుంది. ఈ లాంచ్ కంట్రోల్‌నే టూ-స్టెప్ అంటాం. బ్రేక్ వదిలారన్న కబురు ఈసీయూకి అందించేది లైనులో ఉన్న ప్రెషర్ స్విచ్చే. అది విడిపోగానే కట్ పోతుంది, పూర్తి పవర్ వస్తుంది.

చాలామంది మామూలు స్టాప్‌లైట్ స్విచ్ బిగించేస్తారు. అది విడిపోయేది చాలా తక్కువ ఒత్తిడి దగ్గర. బ్రేకులు పట్టు వదిలేసి కారు కదలడం మొదలైనా ఇంజను ఇంకా కట్‌లోనే ఉంటుంది, లాంచ్ అంతా చప్పగా పోతుంది. సెట్టింగ్ మరీ ఎక్కువ పెడితే ఇంకా టెన్షన్. స్టార్ట్ లైన్ మీద నిలబడ్డప్పుడు కాలు కాస్త సడలినా చాలు, కట్ పోయి ఆర్‌పీఎం ఎగబాకుతుంది, కారు బ్రేకుల్ని తోసుకుని ముందుకు జరుగుతుంది. పచ్చ పడకముందే స్టార్ట్ లైన్ దగ్గరి బీమ్ (కాంతి కిరణం) దాటితే రెడ్ లైట్, రేసు పోయినట్టే.

అందుకే నేను ముందు గేజ్ పెట్టి, డ్రైవర్ అలవాటుగా ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతాడో చూస్తాను. తర్వాత ఏ ఒత్తిడి దగ్గర బ్రేకు పట్టు జారి చక్రాలు తిరగడం మొదలవుతుందో చూస్తాను. స్విచ్ విడిపోయే చోటు ఈ రెండింటి మధ్య, జారే ఒత్తిడికి కాస్త పైన ఉండాలి. అమ్మేవాళ్లు పెట్టె మీద రాసేది సాధారణంగా కలిసే అంకె. విడిపోయేది మనమే కొలుచుకోవాలి. లైన్‌లాక్ (బ్రేకు ఒత్తిడిని లైనులోనే బంధించి ఉంచే సోలనాయిడ్ వాల్వు) ఉన్న కారయితే స్విచ్‌ని సోలనాయిడ్‌కి అవతల, అది ఒత్తిడి బంధించే వైపు పెట్టకూడదు. కాలు తీసినా స్విచ్‌కి తెలియదు. లైనులో గాలి ఉంటే ఏ సెట్టింగూ నిలబడదు, ముందు బ్లీడింగ్ చేయాలి.

ఇప్పుడు స్విచ్‌ల బదులు సెన్సర్లు వస్తున్నాయి. ఒత్తిడిని బట్టి 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా సిగ్నల్ ఇస్తాయి, హద్దు ల్యాప్‌టాప్‌లోనే మార్చుకోవచ్చు. నాకు ఇదే ఇష్టం. ఒత్తిడి దిగే గీత మొత్తం కళ్లముందు కనిపిస్తుంది.

ఆ జీపు ఇప్పుడు ఉందో లేదో గానీ, మన వర్క్‌షాపుకి ఒక గేజ్, రెండు రకాల స్విచ్‌లు, ఒక సెన్సర్ పంపుతున్నాను. జూనియర్లు ఏ పాత కారుకైనా బిగించి, కాలు తీసేటప్పటి అంకె రాసుకోండి. సందేహం వస్తే ఫోన్ చేయండి, రాత్రయినా పర్వాలేదు.