ఆలివ్ ఆకారం నిజమే, ఫోటోయే లేదు

2025 నవంబరులో మా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ తెగ తిరిగింది. ఆలివ్ కాయలా సాగి మండుతున్న నక్షత్రం, కింద "సూపర్‌నోవా పేలిన క్షణం" అని. అది ఫోటో కాదు, ఆర్టిస్టు గీసింది. 2.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం ఎంత పెద్ద టెలిస్కోపుకైనా చుక్కే. మరి చుక్కకు ఆకారం ఎలా పట్టారు? పోలరైజర్ (మెరుపు తగ్గించే కెమెరా ఫిల్టర్) పనితనంతోనే.

పెళ్ళి కారు అద్దం మీద మెరుపు పోవాలంటే ఫిల్టర్ తిప్పుతాం కదా. అద్దానికి ఏటవాలుగా తగిలి వచ్చే కాంతి ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది, అందుకే ఒక కోణంలో ఆగిపోతుంది. పేలిన నక్షత్రంలోనూ కాంతి ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరి, అలాగే ఒక దిశ పట్టుకుని బయటికొస్తుంది. పేలుడు బంతిలా ఉంటే ఆ దిశలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సున్నా. ఒక పక్కకు సాగి ఉంటే కొంత మిగులుతుంది.

మిగిలేది ఒక శాతం అటూ ఇటూ. 0.1 శాతం తేడా తెలియాలంటే పది లక్షల ఫోటాన్లు (కాంతి కణాలు) కావాలి. పైగా దారిలోని ధూళి కూడా కాంతిని ఇలా ఒక దిశకు తిప్పుతుంది, ఆ ప్రభావాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి.

ఈ సూపర్‌నోవా పేరు ఎస్ఎన్ 2024జీజీఐ. 2024 ఏప్రిల్ 10న కనబడింది. చైనాలోని సింగ్హువా యూనివర్సిటీకి చెందిన శాస్త్రవేత్త యి యాంగ్ అప్పుడే శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగాడు. 12 గంటల్లోపే టెలిస్కోపును అటు తిప్పమని అర్జీ పెట్టాడు. కనబడిన 26 గంటలకల్లా చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ అటు తిరిగింది. ఇంకో రోజు ఆగి ఉంటే ఆ తొలి దశ దొరికేదే కాదు.

మొదట ఆలివ్‌లా సాగిన పేలుడు, చుట్టూ ఉన్న పదార్థాన్ని గుద్దుకుని చదునైంది. అక్షం మాత్రం మారలేదు. అంటే సూర్యుడికి 12 నుంచి 15 రెట్లు బరువున్న ఆ నక్షత్రాన్ని పేల్చిన తోపుడు మొదటినుంచీ ఒకే గీత వెంబడి ఉందన్నమాట. దాంతో నక్షత్రాలు ఎలా పేలతాయో చెప్పే కొన్ని మోడళ్ళు పక్కకు పోయాయి.

ఇదంతా గ్రూపులో రాస్తే ఒకడు "అన్నా, ఆ ఫిల్టర్ ఏ కంపెనీది?" అన్నాడు. ఫిల్టర్ కాదు తమ్ముడూ, ఆ టెలిస్కోపుకు బిగించిన ఫోర్స్2 అనే పరికరం. అందులో ఒక పలక కోణం మార్చుకుంటూ తిరుగుతుంది, దాని వెనక ప్రిజం కాంతిని రెండుగా విడగొడుతుంది. మన ఫిల్టర్ ఒక భాగాన్ని ఆపేస్తుంది, అది రెండిటినీ కొలుస్తుంది.